8 నిమిషాల పేస్‌కి పూలదండా? అల్ట్రా రికార్డుల విలువ గురించి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "నా మారథాన్ బెస్ట్ 2:52 (2 గంటల 52 నిమిషాలు). మా రన్నింగ్ గ్రూపులో ఒకాయన 24 గంటల స్టేడియం రన్‌లో 180 కి.మీ. చేశారు. 'రికార్డ్' అని ఫ్లెక్సీ కట్టి, దండ వేసి, ఊరంతా ఫొటోలు పెట్టారు. లెక్క వేస్తే కిలోమీటరుకు 8 నిమిషాలు. నేను బ్రిస్క్ వాక్ కాస్త పెంచితే వచ్చే పేస్. ఆయన సంగతి సరే, ప్రపంచ స్థాయి అల్ట్రా (మారథాన్ కన్నా పొడవైన పరుగుల) రికార్డులైనా అసలు పోటీలో పుట్టినవేనా? లేక వేగం లేనివాళ్లు వెతుక్కున్న వేరే మైదానమా? ట్రాక్, మారథాన్ రన్నర్లు వాటిని ఎందుకు గౌరవించాలి?"

ముందు నా సంగతి చెప్తాను, ఎవరు మాట్లాడుతున్నారో తెలియాలి కదా. యూనివర్సిటీ రోజుల్లో 10,000 మీటర్లు పరిగెత్తినవాణ్ని, బెస్ట్ 33:40. తర్వాత మారథాన్ 2:48. ఇరవై ఏళ్ల కిందట నన్నడిగితే మీరు రాసిందే ఇంకా ఘాటుగా చెప్పేవాణ్ని. తర్వాత అల్ట్రాల్లోకి దిగాను. మోకాలు మాట వినడం మానేశాక ఈ నాలుగైదేళ్లుగా పరిగెత్తడం కన్నా ల్యాప్ కౌంటింగ్ టేబుల్ దగ్గర కూర్చోవడమే ఎక్కువ. అంటే రెండు ఒడ్లూ చూసినవాణ్ని.

మీ మిత్రుడి విషయం ముందు తేల్చేద్దాం. 180 కి.మీ. రికార్డు కాదు. 2022 జులైలో బెంగళూరు కంఠీరవ స్టేడియంలో ఆసియా-ఓషియానియా 24 గంటల ఛాంపియన్‌షిప్ జరిగింది. అమర్ సింగ్ దేవండా 257.618 కి.మీ. పరిగెత్తి స్వర్ణం గెలిచాడు. 2024లో కాన్‌బెర్రాలో దాన్ని 272.537కి పెంచాడు. మన దేశంలో ఈ ఆట ఎక్కడుందో తెలియాలంటే చూడాల్సిన అంకె అది. మన దగ్గర ఫీజు కడితే షీల్డు, సర్టిఫికెట్ ఇచ్చే 'రికార్డు పుస్తకాలు' బోలెడు. కళ్లకు గంతలు కట్టుకుని ఇడ్లీలు తిన్నా ఒక కేటగిరీ పుట్టించి ఇస్తారు. అల్ట్రా అనే మాటకు మన ఊళ్లలో సగం చెడ్డపేరు వీళ్ల వల్లే. అయితే పెద్ద ఉద్యోగం చేసుకుంటూ, వారాంతాల్లో సాధన చేసి, మే నెల వేడి ఇంకా ఆరని సింథటిక్ ట్రాక్ మీద 450 రౌండ్లు కొట్టినవాడికి దండ వేస్తే నాకేం అభ్యంతరం లేదు. దండ వేరు, రికార్డు వేరు.

ఇప్పుడు అసలు ప్రశ్న. పేస్ చూసి తీర్పు చెప్పే మీ అలవాటుతోనే మొదలుపెడదాం.

2022 జనవరిలో టెల్ అవీవ్‌లో లిథువేనియా రన్నర్ అలెక్సాండర్ సొరోకిన్ 100 మైళ్లు 10:51:39లో పూర్తి చేశాడు. 100 మైళ్లంటే 160.934 కి.మీ. కిలోమీటరుకు 4:03. ఆ పేస్‌తో మారథాన్ 2:50:51కి అయిపోతుంది. మీ బెస్ట్ 2:52 అన్నారు. అంటే మీ జీవితంలోకెల్లా మంచి రోజున, టేపరింగ్ (రేసుకు ముందు సాధన తగ్గించుకోవడం) అంతా సరిగ్గా చేసుకుని, చల్లటి వాతావరణంలో, మీరు ఆయన పక్కన బయల్దేరితే, 42.195 దగ్గర ఆయన మీకన్నా నిమిషం ముందుంటాడు. మీకు మెడల్ వేస్తారు, అరటిపండు చేతిలో పెడతారు, మీరు గడ్డిలో పడుకుంటారు. ఆయనకు ఇంకా 119 కి.మీ. మిగిలి ఉంటాయి. ఆ రోజు 100 మైళ్ల దగ్గర ఆగలేదు కూడా. 12 గంటలు నిండేదాకా పరిగెత్తి 177.410 కి.మీ. చేశాడు. మీ మిత్రుడు 24 గంటల్లో చేసిన దూరానికి రెండున్నర కిలోమీటర్లు తక్కువ, సగం సమయంలో.

అదే ఏడాది సెప్టెంబరులో వెరోనాలో 24 గంటల్లో 319.614 కి.మీ. సగటున కిలోమీటరుకు 4:30. ఏడున్నర మారథాన్లు, ఒక్కొక్కటీ 3:10కి, మధ్యలో నిద్ర లేకుండా. టాయిలెట్‌కి ఆగినా, బూట్ల లేసు కట్టుకున్నా ఆ సెకన్లన్నీ ఆ 4:30లోనే కలిసి ఉంటాయి. మన క్లబ్బుల్లో 3:10 మారథాన్ చేసినవాడు ఏడాదంతా ఆ టైమింగ్ ఉన్న టీషర్టే వేసుకుని తిరుగుతాడు.

కాబట్టి 'వేగం లేనివాళ్ల మైదానం' అన్న మాట పైస్థాయిలో నిలవదు. కానీ మీ ప్రశ్నలో రెండో సగం, 'అసలు పోటీలో పుట్టినవేనా' అన్నది, అంత తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. నిజానికి అల్ట్రా రికార్డుల మీద వేయదగ్గ గట్టి దెబ్బ అదే. మీరు వేయలేదు కాబట్టి మీ తరఫున నేనే వేస్తాను.

పీట్ రీగెల్ అని అమెరికన్ ఇంజనీరు ఒక చిన్న సూత్రం చెప్పాడు. దూరం పెరిగేకొద్దీ సమయం ఆ నిష్పత్తికి 1.06 ఘాతం చొప్పున పెరుగుతుందని. దూరం రెట్టింపైతే సమయం రెండు రెట్లు కాదు, దాదాపు 2.085 రెట్లు. ఆన్‌లైన్‌లో మీరు వాడే 'రేస్ ప్రెడిక్టర్లు' చాలామటుకు దీని పిల్లలే. దీన్ని రికార్డుల మీద పెట్టి చూడండి. ఉగాండా రన్నర్ జాషువా చెప్టెగాయ్ 2020లో మొనాకోలో 5,000 మీటర్లు 12:35.36. సూత్రం ప్రకారం ఆ స్థాయి మారథాన్ 2:00:45 రావాలి. కెన్యా రన్నర్ కెల్విన్ కిప్టమ్ 2023లో షికాగోలో చేసింది 2:00:35. పది సెకన్ల తేడా! మొదటిసారి ఈ లెక్క కాగితం మీద వేసినప్పుడు తప్పు చేశాననుకుని మళ్లీ వేశాను.

ఇప్పుడు కిప్టమ్ టైమ్ నుంచి 100 కి.మీ.కి వెళ్లండి. 5 గంటల 1 నిమిషం వస్తుంది. సొరోకిన్ 2023లో విల్నియస్‌లో ప్రపంచ రికార్డుగా చేసింది 6:05:35. గంటకు పైగా తేడా. 5,000 నుంచి మారథాన్ దాకా గీత గీసినట్టు సరిపోయిన సూత్రం, మారథాన్ దాటగానే గంట తప్పింది. ట్రాక్ రన్నర్లు దీనికి ఇచ్చే అర్థం ఒక్కటే: చెట్టు లేని ఊళ్లో ఆముదపు చెట్టే మహావృక్షం. అసలైన పరుగువీరులు అక్కడికి రాలేదు కాబట్టి వచ్చినవాళ్లే వీరులయ్యారు.

ఇది సగం నిజం. సగం అని ఊరికే అనడం లేదు, కొంచెం లెక్క కట్టొచ్చు.

ఎందుకంటే రీగెల్ 1981లో ఆ వ్యాసం రాసినప్పుడే తన సూత్రానికి హద్దు చెప్పాడు: దాదాపు మూడున్నర నిమిషాల నుంచి 230 నిమిషాల దాకా సాగే పరుగుకే అది వర్తిస్తుందని. 100 కి.మీ. ఆ గట్టు దాటిపోయింది. గట్టు అవతల శరీరం వల్ల ఎంత తగ్గుతుంది, పోటీ లేకపోవడం వల్ల ఎంత తగ్గింది అని విడదీయాలంటే, ఒకే మనిషి రెండూ గట్టిగా పరిగెత్తి ఉండాలి. అలాంటివాళ్లు ఉన్నారు.

టొమోయె అబే. జపాన్. 1993 స్టుట్‌గార్ట్ ప్రపంచ అథ్లెటిక్స్‌లో మారథాన్ కాంస్యం. వ్యక్తిగత బెస్ట్ 2:26:09. 2000లో హొక్కైడోలోని సరోమా సరస్సు రేసులో 100 కి.మీ. 6:33:11లో చేసింది. ఆమె మారథాన్ నుంచి రీగెల్ లెక్క కడితే 6:05 రావాలి. 28 నిమిషాలు, అంటే 8 శాతం ఎక్కువ పట్టింది. మామూలు రోజు కాదది, ప్రపంచ రికార్డు చేసిన రోజు.

జిమ్ వామ్స్లీ. అమెరికా. 2020 ఒలింపిక్ ట్రయల్స్ మారథాన్‌లో 2:15:05, అట్లాంటా ఎత్తుపల్లాల మీద. ఏడాది తిరక్కుండా అరిజోనాలో 100 కి.మీ. 6:09:26, అప్పటి ప్రపంచ రికార్డుకు 12 సెకన్ల దూరంలో. సూత్రం చెప్పింది 5:37. తొమ్మిదిన్నర శాతం ఎక్కువ.

ఇద్దరే అంటారా, ఇద్దరే. కానీ ఇద్దరూ ఇంచుమించు ఒకే చోట ఉన్నారు: ఒళ్లు తీసుకునే పన్ను 8 నుంచి 10 శాతం. అదే పన్ను కిప్టమ్ స్థాయి మనిషికి వేస్తే 100 కి.మీ. 5:25, 5:30 మధ్య పడుతుంది. ఉన్న రికార్డు 6:05. అంటే ఆ గంట తేడాలో పాతిక, ముప్ఫై నిమిషాలు శరీర ధర్మం. మిగతా ముప్ఫై అయిదు, నలభై నిమిషాలు రాని మనుషులది. ఇది నా చేతి లెక్క, ఎక్కడా అచ్చయినది కాదు. కానీ అల్ట్రా రికార్డులన్నీ మెత్తవి అనేవాళ్లకూ, అవి మానవ సామర్థ్యపు చివరి అంచు అనేవాళ్లకూ ఇద్దరికీ ఇదే చూపిస్తాను.

2025 ఆగస్టులో ఇటలీలోని నార్దో టెస్ట్ ట్రాక్ మీద దక్షిణాఫ్రికాకు చెందిన సిబుసిసో కుబెకా 100 కి.మీ. 5:59:20లో పరిగెత్తాడు. బూట్ల కంపెనీ ఏర్పాటు చేసిన ప్రయత్నం. ఆ బూటు నిబంధనలకు లోబడనిది కాబట్టి రికార్డుగా లెక్కలోకి రాదు. బూటు సంగతి పక్కన పెట్టండి. ఎవరో ఒకరు డబ్బు పెట్టి, పేసింగ్ (వేగం నిలబెట్టే తోడు రన్నర్లను) పెట్టి, గట్టివాళ్లను పోగేసి ఒక ఉదయం కేటాయిస్తే ఆరు గంటల గోడ కదిలింది. మెత్తదనం ఎక్కడుందో అది చూపిస్తుంది.

మరి గట్టివాళ్లు ఎందుకు రారు? మీకూ తెలుసు. మంచి మారథాన్ రన్నర్ ఏడాదికి రెండు పరిగెత్తుతాడు. లండన్, బెర్లిన్, షికాగోల్లో వచ్చే డబ్బు మీదే కెన్యాలోని ఎల్డోరెట్‌లోనో ఇథియోపియాలోని బెకోజీలోనో ఇల్లు కడతాడు. 100 కి.మీ. పరిగెత్తితే కాళ్లు కోలుకునేసరికి ఒక సీజన్ పోతుంది, చేతికి వచ్చేది ఖర్చులకే చాలదు. అన్నం పెట్టని దూరానికి ఎవరు పోతారు?

పెట్టే చోట వెళ్తారు. అందుకే దక్షిణాఫ్రికా కథ వేరు. డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ మధ్య 1921 నుంచి జరిగే కామ్రేడ్స్ రేసు ఒక ఏడాది ఎగువకు, మరో ఏడాది దిగువకు, సుమారు 87, 90 కి.మీ. మధ్య ఉంటుంది. ఆ రోజు దేశమంతా ఉదయం చీకటితో టీవీ ముందు కూర్చుంటుంది. వర్ణవివక్ష కారణంగా ఆ దేశం ఒలింపిక్స్‌కి దూరమైన ఏళ్లలో వాళ్ల గొప్ప రన్నర్లకు ఉన్న పెద్ద వేదిక అదే. (నల్లవాళ్లకూ ఆడవాళ్లకూ అధికారికంగా ప్రవేశం 1975లో గానీ దొరకలేదన్నది కూడా చెప్పుకోవాలి.) ఫలితం చూడండి. 1989లో ఫ్రిత్ వాన్ డెర్ మెర్వె దిగువ పరుగులో 5:54:43 చేసింది. 34 ఏళ్లు ఎవరూ తాకలేదు. 2023లో గెర్డా స్టెయిన్ 5:44:54తో బద్దలుకొట్టింది. స్టెయిన్ ఎవరు? టోక్యో, పారిస్ ఒలింపిక్స్ రెండింటిలోనూ మారథాన్ పరిగెత్తిన మనిషి. అదే రోజు మగవాళ్లలో టెటె డిజానా 5:13:58. కిలోమీటరుకు 3:35, దాదాపు 88 కి.మీ. దీన్ని చూసి ఏ మారథాన్ రన్నరైనా ముక్కు విరిస్తే, వాడు పరుగు చూడలేదు, స్టాప్‌వాచ్ చూశాడు అంతే.

50 కి.మీ. కూడా గట్టిపడుతోంది. 2018 బోస్టన్ మారథాన్ విజేత డెస్ లిండెన్ 2021లో 2:59:54 చేసి, మూడు గంటల లోపు పరిగెత్తిన మొదటి మహిళ అయింది. 2022లో స్టీఫెన్ మొకోకా 2:40:13. ఆయనా ఒలింపిక్ మారథాన్ రన్నరే. అథ్లెటిక్స్ ప్రపంచ సంస్థ వరల్డ్ అథ్లెటిక్స్ కూడా 50 కి.మీ.ని 2022 నుంచి ప్రపంచ రికార్డు దూరంగా చేర్చుకుంది. మారథాన్ తలుపు పక్కనే ఉన్న దూరం కాబట్టి వాళ్లు తొంగి చూస్తున్నారు.

ఇదంతా 100 కి.మీ. లోపు మాట. 24 గంటల దగ్గరికొచ్చేసరికి ఈ లెక్కలేవీ పనిచేయవు. అక్కడ కిప్టమ్ స్థాయి మనిషిని తెచ్చి నిలబెట్టినా ఏం జరుగుతుందో ఏ సూత్రమూ చెప్పదు, ఎందుకంటే అక్కడ పోటీ గుండెకీ ఊపిరితిత్తులకీ కాదు.

దీనికి నా సొంత పరువు తీసుకునే కథ ఒకటి ఉంది. నా మొదటి 100 కి.మీ. మారథాన్ 2:48 ఉంది కదా, 4:50 పేస్ అంటే నాకు కబుర్లు చెప్పుకుంటూ పరిగెత్తేది. అలాగే మొదలుపెట్టాను. 50 దగ్గర అందరికన్నా ముందు నేనే. 62 దగ్గర కడుపు మూతపడింది. శక్తి కోసం తినే చక్కెర జెల్ లోపలికి పోవడం, అదే రంగులో బయటికి రావడం. నీళ్లు కూడా నిలవలేదు. రోడ్డు పక్కన టీ కొట్టువాడి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుండిపోయాను. తొడ కండరాలు బిగుసుకుపోయి, లేవాలంటే కుర్చీ కూడా నాతో లేస్తోంది. ఇంతలో ఒక పెద్దాయన వచ్చాడు. ప్రభుత్వ పాఠశాల టీచరు, యాభై నాలుగేళ్లు. మొదటి నుంచీ 6:30 పేస్, ఒక్క సెకను అటూ ఇటూ కాకుండా. నన్ను చూసి ఆగి, నడుముకున్న సంచిలోంచి ఉప్పు రాసిన ఉడికించిన బంగాళాదుంప ముక్క తీసి చేతిలో పెట్టాడు. "తమ్ముడూ, కొరకొద్దు, నోట్లో పెట్టుకుని చప్పరించు" అన్నాడు. ఆయన 10:50కి ముగించాడు. నేను 13 గంటలు దాటాక చేరాను.

పరుగెత్తి పాలు తాగడం కన్నా నిలబడి నీళ్లు తాగడం మేలంటారు. ఆ రోజు నాకు నిలబడినా నీళ్లు దిగలేదు.

ఆయనకు నా ఊపిరి లేదు. నా 10,000 టైమ్ ఆయన కలలో కూడా చేయలేడు. కానీ ఆ దూరానికి కావాల్సిన నాలుగు సంగతులు ఆయన దగ్గర ఉన్నాయి, నా దగ్గర లేవు. పరుగులో రక్తం కాళ్లకూ చర్మానికీ పోతుంది, పేగుకు తక్కువ అందుతుంది. అయినా గంటకు 60 నుంచి 90 గ్రాముల పిండిపదార్థం అరిగించుకోవాలి. పేగుకు కూడా సాధన కావాలని నాకు అప్పటికి తెలియదు. తొడ కండరం ప్రతి అడుగులోనూ సాగుతూ బరువు ఆపుతుంది, అందులో సూక్ష్మంగా చిరుగుతుంది. ఆ చిరుగుడుకు ఓర్చుకునే కాళ్లు ఏళ్ల తరబడి దూరాలు తిరిగితే గానీ రావు. నీళ్లు తక్కువ తాగినా ప్రమాదమే, ఉప్పు లేకుండా ఎక్కువ తాగినా ప్రమాదమే. ఇక నిద్ర.

నిద్ర గురించి ల్యాప్ టేబుల్ దగ్గర కూర్చున్నవాణ్ని అడగండి. తెల్లవారుజామున మూడు, నాలుగు మధ్య స్టేడియం వేరే లోకం. ఫ్లడ్‌లైట్ల కింద పురుగులు, టైమింగ్ మ్యాట్ మీద చిప్ దాటినప్పుడల్లా 'బీప్'. సాయంత్రం నవ్వుతూ చెయ్యూపినవాళ్లే ఇప్పుడు మన మొహం గుర్తుపట్టరు. ఒకాయన లేన్ గీత పక్కన పాము ఉందని ఎగిరి దాటుతున్నాడు, ప్రతి రౌండులోనూ అక్కడే. అది నీళ్ల పైపు. చెప్పాం. సరే అన్నాడు. తర్వాతి రౌండులో మళ్లీ ఎగిరాడు. అప్పుడు కూడా ఆయన ల్యాప్ టైమ్ మూడు సెకన్లకు మించి మారలేదు. నేను కాగితం మీద చూస్తూనే ఉన్నాను.

24 గంటల రికార్డు ఇలాంటి రాత్రిలో పుడుతుంది. యానిస్ కూరోస్ కథ తెలియకుండా ఈ మాట ముగించలేను. గ్రీకు మనిషి. 1983లో ఏథెన్స్ నుంచి స్పార్టాకు 246 కి.మీ. స్పార్టథ్లాన్ మొదటిసారి పోటీగా పెట్టినప్పుడు ఎవరికీ తెలియని ఈయన 21:53:42లో వచ్చేశాడు. రెండో మనిషి రావడానికి దాదాపు మూడు గంటలు పట్టింది. నిర్వాహకులే నమ్మలేదు, ఎక్కడో బండెక్కి ఉంటాడనుకున్నారు. మరుసటి ఏడాది అందరి కళ్లూ తన మీదే ఉండగా వచ్చి 20:25:00 చేశాడు. ఆ కోర్సు రికార్డు 39 ఏళ్లు నిలిచింది. 2023లో ఫోటిస్ జిసిమోపులోస్ 19:55:09తో దాటాడు. కూరోస్ 1997లో అడిలైడ్ ట్రాక్ మీద 24 గంటల్లో చేసిన 303.506 కి.మీ. కూడా అంతే, 2021లో పోలండ్‌లో సొరోకిన్ 309.399 చేసేదాకా 24 ఏళ్లు.

'24 ఏళ్లు నిలిచిందంటే పోటీ లేదనే కదా' అంటారు మీరు. అయితే ఒకటి గమనించండి. ఆ 24 ఏళ్లలో ఈ ఆటకు మనుషులు రాలేదని కాదు. ఏటేటా రేసులు, దేశాల జట్లు, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు. వచ్చినవాళ్లెవరూ తాకలేకపోయారు. పైగా తాకినవాడు ట్రాక్ నుంచి దిగివచ్చిన 13 నిమిషాల 5,000 రన్నర్ కాదు. కుర్రతనంలో కయాకింగ్ చేసి గాయాలతో మానేసి, ముప్ఫై దాటాక బరువు తగ్గడానికి పరుగు మొదలుపెట్టినవాడు. ఇది రెండు రకాలుగా చదవొచ్చు: ముప్ఫై దాటాక మొదలుపెట్టినవాడికి ప్రపంచ రికార్డు దొరికే ఆట అంత గట్టిదేం కాదనీ అనొచ్చు, లేదా ఈ దూరానికి కావాల్సిన ప్రతిభ ట్రాక్ మీద కనిపించే ప్రతిభ కాదనీ అనొచ్చు. 100 కి.మీ. విషయంలో మొదటి మాటకు మొగ్గుతాను, 24 గంటల విషయంలో రెండో మాటకు. రెండూ చేసింది ఒకే మనిషి అయినా సరే.

ఇక నమ్మకం సంగతి. ట్రాక్ రన్నర్లకు ఉన్న అసలైన అనుమానం ఇదేననుకుంటాను, బయటికి అనరు గానీ. 100 మీటర్లకు ఫొటో ఫినిష్ ఉంటుంది. రాత్రి రెండింటికి హైవే మీద ఒంటరిగా పరిగెత్తేవాణ్ని ఎవరు చూశారు? 2016లో అమెరికా ఖండాన్ని దాటే రికార్డు కోసం బయల్దేరిన ఒక బ్రిటిష్ రన్నర్ విషయంలో స్పాన్సరే విచారణ పెట్టించాల్సి వచ్చింది; అంత దూరమూ ఆయన సొంత కాళ్ల మీద రాలేదని నివేదిక తేల్చింది. ఆయన ఒప్పుకోలేదు. 2023లో ఇంగ్లండ్‌లో 50 మైళ్ల రేసులో ఒకామె కొంత దూరం కారులో వచ్చి మూడో స్థానం ట్రోఫీ అందుకుంది. ఏడాది నిషేధం పడింది. ఇలాంటివాటి వల్ల పాయింట్ నుంచి పాయింట్‌కి చేసే ఒంటరి 'రికార్డుల'ను నేనూ సందేహంగానే చూస్తాను. కన్యాకుమారి నుంచి కశ్మీరు దాకా అంటూ వచ్చే పోస్టులు చూస్తే ముందు జీపీఎస్ ఫైలు అడుగుతాను, తర్వాత చప్పట్లు కొడతాను. కొండదారుల 'ఫాస్టెస్ట్ టైమ్'లు సరదాగా ఉంటాయి, కానీ ఈ ఏడు వర్షం పడింది, ఆ ఏడు పడలేదు. వాటిని ఒకదానితో ఒకటి పోల్చడం కష్టం.

లూప్ మీదా ట్రాక్ మీదా జరిగే రికార్డు అలా కాదు. అది మీ మారథాన్ కన్నా ఎక్కువగా కాపలా ఉన్న పరుగు అంటే నమ్మరేమో. కోర్సును ముందే అధికారికంగా కొలుస్తారు. ప్రతి రౌండూ చిప్‌తో నమోదవుతుంది, పక్కన మనుషులూ రాస్తారు. 319 కి.మీ. మీద ఒక్క ల్యాప్ అనుమానంగా చిన్నదైనా పట్టికలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రికార్డుగా ఆమోదించాలంటే డోపింగ్ పరీక్ష కూడా కావాలి. హైదరాబాద్ ఫ్లైఓవర్ల మీద వేలమందిలో పరిగెత్తే మనల్ని ఇంత దగ్గరగా ఎవరూ చూడరు.

ఆఖరి కొలత ఎలా చేస్తారో చూశారా? నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైనది అదే. 24వ గంటకు కొన్ని నిమిషాల ముందు ప్రతి రన్నర్ చేతికీ తన బిబ్ నంబరు (ఛాతీ మీది పోటీ నంబరు) రాసిన చిన్న ఇసుక సంచి ఇస్తాం. అప్పటిదాకా నడుస్తున్నవాళ్లు కూడా అది చేతికి రాగానే పరిగెత్తుతారు, ఎక్కడినుంచి వస్తుందో ఆ ఓపిక. హారన్ మోగగానే ఎక్కడున్నవాళ్లు అక్కడ సంచి కింద పడేయాలి. తర్వాత మేము కొలత చక్రం తోసుకుంటూ ఒక్కొక్క సంచి దగ్గరికీ వెళ్లి, చివరి అసంపూర్తి రౌండు ఎన్ని మీటర్లో రాసుకుంటాం. 319.614లో ఆ దశాంశం తర్వాతి మూడంకెలూ అలా వచ్చినవే. పద్నాలుగు మీటర్లో, పన్నెండు మీటర్లో, ఎవరూ ఊరికే పూర్తి సంఖ్య చేసేయరు.

కాబట్టి మీ ప్రశ్నకు నా సమాధానం: 24 గంటల ప్రపంచ రికార్డుకూ కామ్రేడ్స్ రికార్డులకూ ఏ మారథాన్ రికార్డుకిచ్చే గౌరవమైనా ఇస్తాను. 100 కి.మీ. మగవాళ్ల రికార్డును చేసినవాణ్ని గౌరవిస్తాను, అంకెను మాత్రం తాత్కాలికమనుకుంటాను. ఆడవాళ్ల 100 కి.మీ. గురించి వాదించను, ప్రపంచ పతక విజేత వచ్చి పరిగెత్తి వెళ్లింది, ఇరవై ఏళ్లు దాటినా ఆ గీత చెరగలేదు. ఒంటరి ప్రయాణాల రికార్డులకు కాగితాలు చూశాకే మాట. ఫ్లెక్సీ రికార్డులకు మాట కూడా లేదు.

మీ మిత్రుడికి మాత్రం ఒక ప్రశ్న వేయండి, పేస్ గురించి కాదు. 180 చేశారంటే రాత్రి ఎక్కడో కూర్చుని ఉంటారు, ఏ గంటలో, ఎంతసేపు, మళ్లీ ఎలా లేచారు అని. ల్యాప్ షీటు ఆయన దగ్గర ఉంటుంది, చాలామంది దాచుకుంటారు. అడిగి చూడండి. రెండు గంటలు, నాలుగు గంటల మధ్య ల్యాపులు మిగతావాటికన్నా మరీ సాగిపోకుండా ఉంటే, ఆ కాగితం నాకూ ఒక ఫొటో తీసి పంపండి. వచ్చే స్టేడియం రన్‌కి మాకు కౌంటింగ్ టేబుల్ దగ్గర ఇద్దరు తక్కువ ఉన్నారు. రాత్రి పన్నెండు నుంచి ఆరు దాకా షిఫ్టు ఖాళీగానే ఉంది, వస్తానంటే మీ పేరు రాసుకుంటాను. స్వెటర్ తెచ్చుకోండి, పెరుగన్నం మేం పెడతాం.